వదిన గౌన్లు, నా పాడు కళ్ళు

ఉద్యోగం ఉందని చెప్పుకోవడానికే తప్ప అనుభవించడానికి పనికిరాని వయసు ఒకటుంటుంది. నేను ఆ వయసులో ఉన్న రోజుల్లో మా కాపురం కలకత్తా గార్డెన్ రీచ్‌లో, రేవు పనివాళ్ళ లైన్లలో. నాన్న, అన్నయ్య ఓడల్లో సరుకు దించేవారు. నేను మాత్రం ఒక దినపత్రికలో చేరి, హుగ్లీ నదికి పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో రోజూ నాలుగు వరుసల్లో రాసేవాణ్ణి. (తప్పు రాస్తే తప్ప ఎవరూ చదివినట్టు తెలిసేది కాదు.) అయినా ఇంట్లో నేను పేపరు బాబునే. చేప ముక్కల్లో పెద్దది నాకే, కిటికీ పక్క చోటు నాకే, టేబుల్ ఫ్యాను మొహం నా వైపే. ఈ వైభవమంతా మా వదిన కుట్టుమిషను వల్ల పోయింది.

వదినది పలాస వైపు. లైన్లో మిగతా ఆడవాళ్ళలాగే తనూ పక్కనే ఉన్న మెటియాబ్రుజ్ నుంచి దర్జీ మేస్త్రీ పంపే గౌన్లు కుట్టేది. ఆయన పంపితే పని, లేకపోతే లేదు. అలాంటప్పుడు పిల్లల బట్టల కంపెనీ ఒకటి, మధ్యలో మేస్త్రీ లేకుండా, రేవు లైన్ల ఆడవాళ్ళకే నేరుగా గుడ్డ ఇచ్చి కుట్టించుకుంటామని ముందుకొచ్చింది. కంపెనీ తరఫున వచ్చే బెంగాలీ ఆవిణ్ణి అందరూ దీదీ అనేవారు. మొదటి మూట నచ్చితే లైనంతటికీ ఏడాది పొడుగునా పని ఇస్తామని చెప్పి, ఆ మూట బాధ్యత మా వదినకు అప్పగించింది. దాంతో కిటికీ పక్కకు మిషను వచ్చింది. ఫ్యాను అటు తిరిగింది. చేప ముక్క సంగతి చెప్పుకోకపోవడం మంచిది. ఆడవాళ్ళంతా వదిన చుట్టూ చేరి మడత ఎలా వెయ్యాలో, కుచ్చు ఎంత పెట్టాలో అడుగుతుంటే, నా నాలుగు వరుసల గురించి కూడా ఎవరైనా ఏదైనా అడిగితే బాగుండునని గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. దీదీ ఒకసారి పేపరు మనిషినైన నన్ను దాటుకుని వెళ్ళి, తనకూ వదినే అయినట్టు 'బౌదీ' అంటూ వదిన పక్కన చాప మీద కూర్చున్నప్పుడు మరీ కష్టంగా అనిపించింది.

ఒకరోజు గౌను ఒకటి చేతిలోకి తీసుకుని, బాగానే ఉందన్నాను. (నా ఉద్దేశంలో అది మెచ్చుకోలే.) అంతలో మిషను సూది టక్కున విరిగింది. అమ్మ నన్ను తేరిపార చూసింది.

"ఏటలా సూస్తన్నావురా? నీ సూపుకి గుడ్డ సిరిగిపోద్ది."

మూట ఇవ్వాల్సిన రోజు పొద్దున్న వదిన నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి, అమ్మ కాటుక డబ్బా తీసింది. పసిపిల్లల బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టినట్టే, ప్రతి గౌను అంచునా ఒక చుక్క పెట్టి, మళ్ళీ మడిచి మూట కట్టేసింది. ఆముదం దీపానికి పట్టిన కాటుక, అంటితే వదలదు. దీదీ వచ్చి మూట విప్పింది. ఒకటి చూసింది, ఇంకొకటి చూసింది. "ఎటా కీ?" అంది. ఇదేమిటని. వదిన మొహం పాలిపోయింది. గుమ్మం దగ్గర గుమిగూడిన ఆడవాళ్ళు ఒకరి వెనక నుంచి ఒకరు తొంగిచూశారు. అమ్మ బెంగాలీ చేపల బేరం వరకే కనుక వివరించే పని నా మీద పడింది. దిష్టి తగలకుండా పెట్టిన చుక్కలని చెప్పాను. బెంగాలీలూ పిల్లలకు కాటుక బొట్టు పెడతారు కాబట్టి ఆవిడకు వెంటనే అర్థమైంది. కాకపోతే, విలేకరిగా నేను వేయవలసిన ప్రశ్న ఆవిడ వేసింది: ఎవరి దిష్టి? అమ్మ నా వైపు చూసింది. లైనంతా నా వైపు చూసింది.

"ఆమార్," అన్నాను. నాదేనని.

దీదీ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వాక, మచ్చపడిన గౌన్లు కొట్లవాళ్ళు తీసుకోరని మెల్లగా చెప్పింది. వదిన సూదిలోకి నల్లదారం ఎక్కించి, ఒక చుక్కకు అటూ ఇటూ రెక్కలు, కింద సన్నటి కాళ్ళు కుట్టి చూపించింది. మచ్చ కాస్తా తుమ్మెద అయింది. దీదీ దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, అన్నీ ఇలా చేయగలిగితే సాయంత్రం వచ్చి తీసుకెళతానంది. ఆడవాళ్ళంతా సూదులు పట్టుకుని కూర్చున్నారు. నేను దారాలు ఎక్కించి పెడతానన్నాను.

"సూడకుండా ఎక్కించగలవేటి?" అంది అమ్మ.

వదిన తలెత్తకుండానే, "ఉండనియ్యి అత్తా, బాబు సూపు పడబట్టే కదా తుమ్మెదలొచ్చినాయి," అంది. ఆ మాటకు అందరూ నవ్వారు. నన్ను మాత్రం బయటికి పంపేశారు.

మూట నచ్చింది. తర్వాతి గౌన్లకూ తుమ్మెదలు కావాలని కంపెనీయే అడిగింది. లైనుకు పని స్థిరపడింది, దాంతోపాటు మూట వెళ్ళే రోజున నేను ఇంటి దగ్గర ఉండకూడదన్న కట్టుబాటూ స్థిరపడింది. అమ్మ తెల్లారగానే టిఫిను చేతికిచ్చి తరిమేది. లాంచీలో నది దాటి, హౌరా స్టేషన్లో టీ తాగుతూ మొదట్లో ఉడికిపోయేవాణ్ణి. పోనుపోను అందులో గొప్ప కనిపించసాగింది. నేను రాసింది చదివే దిక్కు లేదు గానీ, నేను ఊరికే చూస్తే చాలు, లైను లైనంతా జాగ్రత్తపడేది. ఆ తర్వాత నా పేరుతో సహా చాలానే అచ్చయింది, అంత శ్రద్ధగా నన్ను పట్టించుకున్నవాళ్ళు మళ్ళీ దొరకలేదు. ఇప్పటికీ ఎవరికైనా మంచి జరిగితే గుమ్మంలో నిలబడి అలాగే చూస్తాను. ఎవరికీ ఏమీ కావడం లేదు.