కింది వాకిట్లోంచి దారి

మా ఇంటికి వెళ్ళాలంటే ఇంకొకరి వాకిలి దాటాలి. కొనేటప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. చెప్పినా మా ఆయన వినేవారు కాదు. శామీర్‌పేట చెరువు పక్కన గుట్ట మీద, ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నట్టు నాలుగైదు పాత ఇళ్ళుండేవి. వాటిలో అన్నిటికంటే పైది మేం కొన్నాం. వరండాలో నిలబడితే చెరువంతా కనబడుతుంది. ఆయన ఆ నీళ్ళు చూశారు, నేను కురిసే కప్పు చూశాను. కాలవ గట్టున పుట్టి పెరిగిన కోస్తా మనిషిని, నీళ్ళు చూసి మురిసిపోయే దశ నాకెప్పుడో దాటిపోయింది.

కొన్న ఏడాది తిరక్కుండానే జీడిమెట్లలో ఆయన పనిచేసే ఫ్యాక్టరీ వాళ్ళు ఆయన్ని గుజరాత్‌లో పెట్టిన కొత్త యూనిట్‌కి పంపారు. "ఎంతలో తిరిగొస్తాను, ఈలోపు నువ్వు మెల్లగా రిపేర్లు చేయిస్తూ ఉండు" అన్నారు, బజారు నుంచి కూరలు తెమ్మన్నంత తేలిగ్గా. మాకు పిల్లలు లేరు. నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అలా తొంభైల చివర్లో ఆ ముసలి ఇల్లూ నేనూ ఒకరికొకరం మిగిలాం.

గుట్ట మీది ఇల్లు బాగుచేయించడమంటే సగం పని మోతే. లారీ కింద రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. ఇసుక, ఇటుక, సిమెంటు అన్నీ తట్టల్లో, నెత్తిన, అవ్వ వాకిట్లోంచి పైకి రావాలి. అవ్వ అంటే కింది ఇంటి ముసలామె. వాళ్ళు తరాలుగా ఆ ఊళ్ళో భూములున్నవాళ్ళు. కూలీలు వాకిట్లో ఇసుక ఒలికిస్తే ఆమె చీపురు పట్టుకుని వెనకే వచ్చేది. కూలీలను తిట్టేది కాదు, ఇసుకను తిట్టేది.

వానాకాలంలో గుట్ట మీది నీళ్ళు మా వెనక గోడలోంచి నేరుగా వంటింట్లోకి వచ్చేవి. రాళ్ళూ మట్టీ పెట్టి కట్టిన గోడ అది. పైన ఎన్నిసార్లు సిమెంటు పూయించినా పెచ్చులు పెచ్చులుగా ఊడి కింద పడేది. చివరికి మేస్త్రీ ఇంటి వెనక కాలవ తవ్వి నీళ్ళను పక్కకి మళ్ళించాడు. అవి మా ఇల్లు చుట్టి, అవ్వ వాకిట్లోంచే రోడ్డు మీదికి పోయేవి. వంటింటి మూలన గుట్ట తాలూకు బండ ఒకటి నేల చీల్చుకుని పైకి వచ్చి ఉండేది. పగలగొట్టిస్తే గోడ కదులుతుందన్నారు. సరేనని దాన్నే గట్టు చేసుకుని గ్రైండర్ పెట్టుకున్నాను. కప్పు దింపి కొత్త పెంకు వేయించాను, వరండాకి కొత్త దూలాలు ఎక్కించాను. ఆదివారం ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి ఇవన్నీ ఆయనకు చెప్పేదాన్ని. ఆయన "కానీ, కానీ" అనేవారు.

సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి అవ్వ వాకిట్లో బట్టలుతికే బండ పక్కన కూర్చుని ఉండేది. రోజూ అదే ప్రశ్న.

"వచ్చినవా బిడ్డా?"

ఎదురుగా నిలబడి ఉన్నదాన్ని పట్టుకుని వచ్చినవా అంటే ఏం చెప్పాలి? మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది. సంచిలోకి తొంగి చూసి "ఏం కూర దెచ్చినవ్?" అనేది. ఆ తర్వాత "మీ ఆయన ఎప్పుడొస్తడు? గంత ఇంట్ల ఒక్కదానివే ఎట్లుంటవ్?" అనేది. నా ఇంటికి నేను పోవడానికి రోజూ పరీక్ష రాయాలా అని గొణుక్కుంటూ మెట్లెక్కేదాన్ని. తర్వాత్తర్వాత "వచ్చానవ్వా" అనడం అలవాటైంది. ఇంకొన్నాళ్ళకి, ఆ మాట అనేదాకా నాకు ఇల్లు చేరినట్టు ఉండేది కాదు.

ఇంతలో అవ్వ కొడుక్కి దశ తిరిగింది. లాల్‌గడి మలక్‌పేట్ వైపు పొలాలు ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. సొంత ఇంటిని కూడా కొత్తగా చేయించడం మొదలుపెట్టాడు. పాత అరుగు తీసేసి మార్బుల్ పరిచాడు. పరాయివాళ్ళ నడక ఈశాన్యంలో ఉండకూడదని వాస్తు చూసినాయన చెప్పాడట. ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఇగ మీరు పరేషాన్ గావద్దు. మీకు సపరేట్ దారి ఇస్తున్న. ఎవ్వల వాకిట్ల నుంచో పోవుడు మీకూ ఇజ్జత్ గాదు గదా?"

ఎంతో మర్యాదగా చెప్పాడు. నేను థాంక్స్ కూడా చెప్పాను, ఇంకేం చెప్పను? వాళ్ళ వాకిట్లో నుంచి ఒక అంచు కోసి, మట్టి పోసి ఎత్తు చేసి, రోడ్డు నుంచి నేరుగా మా గుమ్మం దాకా మెట్లు కట్టించాడు. మెట్లకీ వాకిలికీ మధ్య నిలువెత్తు గోడ లేపాడు. మనుషులకు దారి మూశాడు గానీ, నీళ్ళకు ఇంకో దారి లేదు. అందుకని మెట్ల మలుపు దగ్గర గోడ అడుగున, చెయ్యి పట్టేంత పైపు ముక్క ఒకటి మేస్త్రీ పెట్టి వదిలాడు.

కొత్త మెట్లు ఎక్కడానికి హాయిగా ఉండేవి. ఎక్కి, తాళం తీసి, లోపలికి వెళ్ళి, దీపం వేసుకుంటే అయిపోయేది. రోజంతా స్కూల్లో అరిచిన గొంతు అక్కడితో ఆగిపోయేది. శనివారం మధ్యాహ్నం ఇంటికొస్తే సోమవారం పొద్దున బస్సులో "మేడ్చల్ ఒకటి" అనేదాకా, ఆదివారం ఆయనతో ఫోను తప్ప, నోరు తెరిచే పని ఉండేది కాదు. నేను మెట్ల మీద జారి పడిపోయినా ఎవరికీ తెలియదు కదా అనిపించి భయం వేసింది. ఒకసారి ఉండబట్టలేక కింది ఇంటి కొత్త గేటు తీసుకుని వెళ్ళాను. కోడలు నన్ను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, కప్పూ సాసరూలో టీ ఇచ్చింది. "ఏమన్న పనుండి వచ్చిండ్రా మేడమ్?" అని అడిగింది. అవ్వను పిలవమనడానికి నాకు మొహం చెల్లలేదు. టీ తాగి వచ్చేశాను.

కొన్నాళ్ళకి, మలుపు దగ్గర సంచి చిరిగి టమాటాలు దొర్లాయి. ఏరుకోవడానికి వంగితే పైపులోంచి కోళ్ళను అదిలిస్తున్న గొంతు వినబడింది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"అవ్వా!"

"ఎవరే?"

"నేనే, పై ఇంటిదాన్ని. వచ్చాను."

"వచ్చినవా బిడ్డా? గిన్ని దినాలు యాడికి పోయినవ్?"

ఎక్కడికీ పోలేదవ్వా, పైనే ఉన్నాను అన్నాను. బట్టలుతికే బండ ఆ గోడకి ఆనుకునే ఉందట, పైపు సరిగ్గా ఆమె చెవి దగ్గరికి వచ్చిందట. ఆ రోజు నుంచి మలుపు దగ్గర వంగి ఆ ఒక్క మాట చెప్పి పైకి వెళ్ళేదాన్ని. లెక్కల టీచరు పైపుతో మాట్లాడుతోందని ఎవరైనా చూస్తే ఏమనుకునేవారో. ఏమైనా అనుకోనీ అనుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక గుజరాత్ యూనిట్ మూతబడి ఆయన తిరిగొచ్చారు. ఇల్లంతా తిరిగి చూసి, వరండాలో కుర్చీ వేసుకుని "ఎవరి గొడవా లేదు, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు. మంచి మనిషే. పొద్దుపోక ఇంట్లో అదీ ఇదీ బిగిస్తూ, మూస్తూ ఉండేవారు. నేను స్కూలు నుంచి వస్తే పేపర్లోంచి తలెత్తి ఒకసారి చూసేవారు. ఇంట్లో మనిషి ఉన్నాడు కదా, ఇంకా నాకీ దిగులేమిటని నన్ను నేనే కోప్పడేదాన్ని.

చలికాలంలో ఒక సాయంత్రం మలుపు దగ్గర వంగితే పైపు లేదు. దాని నోటి నిండా తడి సిమెంటు, పైన నున్నగా రుద్ది ఉంది. పైకి వెళ్ళాను.

"పందికొక్కులు దూరుతున్నాయని మూసేశాను. చూశావా ఎంత నీటుగా వచ్చిందో?" అన్నారాయన.

నేను వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ తీసుకుని కిందికి దిగాను. మెట్టు మీద కూర్చుని సిమెంటు గోకడం మొదలుపెట్టాను. పైన పొర గట్టిపడింది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన కంగారుగా వెనకే వచ్చారు.

"ఏమైంది నీకు? వాన నీళ్ళ సంగతేనా? వాటిని ఇంకో పక్కకి తిప్పుతానుగా."

"నీళ్ళ కోసం కాదండీ."

"మరి?"

"నేను ఇంటికొస్తే ఎవరో ఒకరు అడగాలండీ. వచ్చావా అని."

ఆయన నిజంగానే అర్థంకాక నా వైపు చూశారు.

"రాక ఎక్కడికి పోతావ్?" అన్నారు.

కోపంతో అనలేదు, నవ్వుతూ ప్రేమగానే అన్నారు. అందుకే నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోకుండా, అట్లకాడ వంగిపోయేదాకా పొడిచాను. ఆఖరి ముద్ద జారి అవతల పడింది. చీకటి పడిపోయింది. ఈ వేళప్పుడు ఎవరుంటారులే అనుకుంటూనే పైపు దగ్గరికి వంగాను.

"అవ్వా, వచ్చాను."

అవతల బండ మీద చెయ్యి ఆనించి లేస్తున్న చప్పుడైంది.

"మస్తు సలి పెడుతాంది బిడ్డా. నువ్వింక రాలేదని గిట్లనే కూసున్న. ఇగ లోపలికి వోతా."