తరులతకు చేసిన పరీక్ష

తరులతా నేనూ ఎనిమిదేళ్లు ఒకే వల లాగాం. మా లంకలో రొయ్యపిల్లల వల ఇద్దరు ఆడవాళ్లు చెరో కొస పట్టుకుని, నడుం లోతు ఉప్పునీళ్లలో నడుస్తూ లాగాలి.

కిందటి చలికాలం ఆమెకు తెల్లబట్ట మొదలైంది. చెడిన చేప వాసన. మొగుడు కేరళలో తాపీ పనికెళ్లి ఏడాది దాటింది. అత్తగారు అనరాని మాటలంది. నీళ్లలో పక్కనున్నవాళ్లకీ అంటుకుంటుందని రేవులో పుకారు లేచింది. నేను ఆమె వల వదిలేసి మా తోడికోడలితో కలిశాను. తరులత ఒంటరిగా గట్టున పీతలు పట్టుకునేది.

టౌను ఆస్పత్రికి తోడు రమ్మని నన్నడిగింది. పనుందన్నాను.

మేం ఆడవాళ్లం డాక్టరుకి ఒళ్లు చూపించాల్సి వస్తే ముందు పటిక నీళ్లతో కడుక్కుంటాం. సిగ్గు మరి. ఆమెకి రోజూ కడుక్కునే అలవాటు. ఆ రోజు లోపలిదాకా రెండుసార్లు కడుక్కుని పడవెక్కింది. పరీక్ష చేసే ఆవిడ లోపలి తడి తీసి గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూస్తే ఏమీ కనపడలేదు. కడుక్కొచ్చిన సంగతి తెలిసి కోప్పడిందట.

"దొంగని తరిమేసి పోలీసుని పిలిచినట్టుంది నీ పని. మూడ్రోజులు లోపల చుక్క నీళ్లు తగలనీకు. అలాగే రా."

రెండోసారి పడవలో వాసన ఎవరికీ తెలియకుండా ఇంజను పక్కన, పొగలో కూర్చుని వెళ్లింది. ఈసారి తేలింది. లోపలి తడి తాకించిన కాగితం రంగు మారింది. మందు చుక్క వేయగానే వాసన గుప్పుమంది. గాజుపలక మీద కణాల నిండా క్రిములు అతుక్కుని ఉన్నాయి. లోపల మంచి క్రిములు ఉంటాయట. రోజూ పటికతో కడిగి వాటిని చంపేస్తే చెడ్డవి పెరుగుతాయట. వాసన వచ్చేకొద్దీ ఇంకా కడిగింది పాపం. ఏడు రోజులకి సరిపడా మాత్రలిచ్చారు. ఒకే నీళ్లలో దిగితే అంటదని చీటీ కూడా రాయించుకొచ్చింది.

నాకు నాలుగో తరగతి దాకా చదువుంది. చీటీ నా చేత చదివించింది. మా తోడికోడలు మూతి తిప్పి, "చీటీకి వాసన ఉండదుగా" అంది. నేను చీటీ మడిచాను.

తరులత నా దగ్గరకు జరిగి మెల్లగా అంది. "నీకూ ఉంది వదినా. ఎనిమిదేళ్లు పక్కన నడిచినదాన్ని, నాకు తెలీదా? రేపు పొద్దున పడవకి రా. నేను తోడొస్తా."

నాకేం లేదని చీటీ ఇచ్చేశాను.

మర్నాడు పడవ కదిలేదాకా ఆమె రేవులో నిలబడిందట.

ఇప్పుడు ఆమెకు తగ్గిపోయింది. వల రెండో కొస వెదురు గుంజకి కట్టి ఒక్కతే లాగుతుంది. వల వంకరగా వస్తుంది. సగం పిల్లలు జారిపోతాయి. నేను అవతలి పక్క నుంచి చూస్తాను. ఆమె నావైపు చూడదు.