ఉప్పు చెమ్మగిల్లిన ఉదయం

మా పక్కింటి సారు పోయారని పాలమనిషి చెప్పి, చెంబులో పాలు వంచి, తన దారిన వెళ్లిపోయింది. ఆ వార్త విని ఆలూరులో అంతకన్నా ఎక్కువసేపు ఆగినవారు కొద్దిమందే.

ఉద్యోగకాలమంతా ఓడల మీద సముద్రపు గాలిలోని రేణువులను పరీక్షించి, చివరకు ఈ వానలేని నేలకే తిరిగివచ్చిన మనిషి ఆయన. కిటికీలో ఒక సాసరు నిండా రాళ్లుప్పు ఉంచేవారు. అది చెమ్మగిల్లిన రోజున గోడ మీదుగా పిలిచేవారు: "అమ్మా, సముద్రం మనింటికొచ్చిండాది!"

బి.ఎస్సీ. చదివినా మబ్బు పుట్టుక నాకు ఆయన మాటల్లోనే అర్థమైంది. "అలల్లోంచి ఎగిరిన ఉప్పు రేణువును పట్టుకొని తేమ బొట్టు కడతాదమ్మా. సముద్రం మీద రేణువులు తక్కువ, బొట్టు పెద్దది, బరువెక్కి రాలతాది. ఈడ పొగ, దుమ్ము శానా. అవే నీళ్లను అందరూ పంచుకుంటాండారు. రాలేంత బరువు ఎవురికీ లేదు."

ఒక కరువు ఏడు, వాన కురిపించాలని మబ్బులపై ఉప్పుపొడి చల్లే విమానం మా మీదుగా ఎగిరింది. ఊరంతా వేరుశనగ విత్తనాల అంగడికి పరుగెత్తింది. సారు అక్కడికే వచ్చి బతిమాలారు.

"పలచని మబ్బప్పా ఇది. ఎంత చల్లినా దీంట్లో నీళ్లు లేవు. నేల తడిసినాక విత్తండి."

"ఓడలో తిరిగినోనికి విమానం సంగతి ఏం తెలుస్తాది సారూ?" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

ఒంటరిగా సేద్యం చేసుకునే నాకు ఒకరు చెబితే ఆగడం నామోషీ అనిపించింది. మరునాడే పొడి దుక్కిలో విత్తించాను. "చదువుకున్న అక్కే విత్తినాక మనకేం భయం?" అని ఊరూ విత్తింది. నాలుగు చినుకులకు మొలకలు వచ్చాయి. ఆ వెనుక ఎండకు మాడిపోయాయి.

నింద మాత్రం సారు మీద పడింది. "ఆయప్ప అడ్డమాటకే మబ్బు పారిపోయింది" అన్నారు. అప్పటినుంచి పెళ్లి పిలుపులు ఆయన గడపను దాటేసి నా గడపకు వచ్చేవి. ముందు విత్తింది నేనని ఒక్క మాట అనివుంటే సరిపోయేది. అనలేదు. ఆయనా అడగలేదు, ఉప్పు చెమ్మగిల్లితే మునుపటిలాగే పిలిచేవారు.

సంతాప సభలో, నాడు అంగడి దగ్గర ఎగతాళి చేసిన మనిషే ఆయన పటానికి దండ వేసి "మహా జ్ఞాని" అన్నాడు. నేను లేచి, ఇన్నేళ్లు మింగిన మాట చెప్పాను. కుర్చీలు సర్దే చప్పుడులో ఎందరు విన్నారో తెలియదు. వినవలసిన ఒక్కరు లేరు.

ఆ సాసరు ఇప్పుడు నా కిటికీలో ఉంది. ఈ ఉదయం ఉప్పు చెమ్మగిల్లింది. చేత పట్టుకొని గోడ దాకా నడిచాను. అవతలి కిటికీ మూసివుంది. పైన మబ్బు నల్లగా కమ్మివుంది, రాలలేదు. సాసరు అంచు దాటి ఉప్పునీరు నా వేళ్ల మీదికి జారింది.