రైలు పట్టా గంట

నిన్న మహబూబాబాద్‌లో పాత ఇనుప సామాన్ల దుకాణం ముందు రైలు పట్టా ముక్క కనబడింది. డెబ్బైల్లో మన బడి గంట అలాంటిదే కదా! దాన్ని కొట్టిన ఆయా గుర్తుందా? మా అమ్మే.

బాపు పోయాక దొరికిన ఉద్యోగం అది. అమ్మకు గడియారం చూడరాదని బడిలో ఎవరికీ తెలియదు. నేను ఆరో తరగతి కిటికీ పక్కన కూర్చుని, వరండాలోని గడియారం చూసి, వేళ కాగానే జడ ముందుకు వేసుకునేదాన్ని. అది చూసి అమ్మ గంట కొట్టేది.

పెద్ద పరీక్షనాడు నన్ను గోడవైపు కూర్చోబెట్టారు. అరగంటకోసారి కొట్టే గంట తప్పితే అమ్మ ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఒక్క అక్షరం రాయలేదు.

అంతలో అమ్మ మంచినీళ్ల బిందెతో నా బెంచీ దగ్గరికి వచ్చింది. సారు మావైపే చూస్తున్నారు. గ్లాసు అందిస్తూ అమ్మ గుసగుసగా అంది:

“రోజూ నీ జడ, ఆ గడియారం ముల్లు రెండూ చూసుకుంట నేర్చుకున్న బిడ్డా. గంట నేను కొడ్త. నువ్వు రాయి.”

నమ్మలేకపోయాను. సారు చేతి గడియారం చూసుకుని, గుమ్మం వైపు తల తిప్పారు.

పట్టా మోగింది.

అప్పుడు కలం మూత తీశాను.