ఉయ్యాల బల్ల సీలలు

వడమాలపేటలో మా అత్తవారింటి నడవలో ఒక ఉయ్యాల బల్ల ఉండేది. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పడితే చాలు, నేను దాని మీదే ఊగుతుంటాను. పెరటి వైపు నుంచి ఎండ వచ్చి ఇత్తడి గొలుసుల మీద పడుతుంది. గోడ మీద పసుపు వెలుగు మెల్లగా అటు పోతుంది, ఇటు వస్తుంది. ఎవరూ మాట్లాడరు. ఆ కలలో నేనింకా కొత్త కోడలినే.

మా మామ వడ్రంగి, బల్ల ఆయనే చేశాడు. గొలుసులు అత్తకు పుట్టింటివాళ్లు ఇచ్చినవి. బల్లకూ గొలుసులకూ మధ్య బిగించే ఇత్తడి సీలలు అరిగిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, ఇత్తడి ఎక్కడ దొరుకుతుంది? కార్వేటినగరంలో కొలిమి నడిపే మా నాయన నా పెళ్లప్పుడు నాలుగు ఇనుప సీలలు కొట్టి తెచ్చి బిగించాడు.

శుక్రవారం శుక్రవారం ఇత్తడి తోమడం ఆ ఇంటి ఆచారం. చింతపండు, ఉప్పు కలిపి గొలుసులను పై నుంచి కిందిదాకా రుద్దాలి. నాకేమో మెప్పు పిచ్చి. "బంగారం మాదిరి చేసినావే" అని అత్త ఒక్కసారి అన్న పాపానికి మంగళవారం కూడా తోమడం మొదలుపెట్టాను. ఆ పులుసు కారి సీలల సందుల్లో చేరేది. అక్కడికి గుడ్డ పోదు, నేనూ పట్టించుకోలేదు. పులుపు వాసన, తడి గొలుసుల గలగల, ఆ మత్తులోనే ఉండేదాన్ని.

పెళ్లయిన మూడో ఏడు ఒక మధ్యాహ్నం సీల తెగింది. ఊగుతున్న అత్త కింద పడి కాలు విరిగింది. పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించుకొచ్చి, మా నాయనకు కబురు పెట్టారు.

"నువ్వు కుళ్లిన ఇనుమన్నా పెట్టుండాల, నీ కూతురన్నా ఏందో చేసుండాల. ఏదో ఒకటి తేల్చు. తప్పు దానిదైతే ఇప్పుడే పిలుచుకొని పో," అంది అత్త మంచం మీంచే.

అలా వెళ్లినవాళ్లను మళ్లీ పిలిపించుకునే ఇల్లు కాదది.

నాయన తెగిన సీల పట్టుకొని పెరట్లోకి వచ్చాడు. గొలుసు తగిలిన చోట మాత్రం ఎలుక కొరికినట్టు సన్నబడిపోయింది. మిగతాదంతా గట్టిగానే ఉంది.

"గొలుసులు దేంతో తోమతావు పాపా?"

"చింతపండు, ఉప్పు. వారానికి రెండు మాట్లు."

కాసేపు సీలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇత్తడికీ ఇనుముకీ నడాన పులుపు నిలిస్తే ఇత్తడికేం కాదమ్మా. ఇనుమునే తినేస్తాది. పొడిగా ఉంటే ఏండ్లకేండ్లు ఉండేది."

"నాయనా, అత్తకు చెప్పొద్దు," అన్నాను. సిగ్గు లేకుండా ఆయన చెయ్యి పట్టుకొని అన్నాను.

ఎట్లాంటి మనిషాయన! తన ఇనుముకు ఎవరైనా వంక పెడితే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటివాడు కండువా దులుపుకొని లోపలికి పోయాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"తప్పు నాదే వదినా. మంచి ఇనుము కాదది. సూసుకోకుండా కొట్టినాను. బిడ్డకేం తెలీదు."

అత్త అనాల్సినవన్నీ అంది. నాయన తల వంచుకొని విన్నాడు. చింతపండు అని నేను ఒక్క మాటంటే ఆ తిట్లు ఆగిపోయేవి. అనలేదు. ఆ తర్వాత వడమాలపేటలో ఎవరూ ఆయన చేత మడక కర్రు కూడా కొట్టించుకోలేదు. నేను ఆ ఇంట్లోనే కాపురం చేసుకున్నాను.