తడి దారం

మా తోటికోడలికి ముత్యాల హారం మీదున్న శ్రద్ధ మనుషుల మీద లేదని నేను ఆవిడ మొహానే అనేదాన్ని. ఎవరైనా సెంటు సీసా మూత తీస్తే చాలు, ముత్యాల మెరుపు పోతుందని హారాన్ని చేత్తో కప్పుకుని పక్కగదిలోకి పోయేది.

కూతురి కాలేజీ చదువు పూర్తయిందని ఫోటో తీయించాలనుకుంది. పిల్ల మెడలో హారం మెరవాలని ఆ ఉదయమే సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, తువ్వాలు మీద ఆరబెట్టింది. ఫోటోగ్రాఫర్ వచ్చేసరికి ముత్యాలు ఆరాయి గానీ, లోపలి దారం ఆరలేదు.

"ఇలాగే వేసుకుంటానమ్మా," అంది పిల్ల.

"తడి దారం బరువుకి సాగి తెగుతుందే. రేపు వేసుకుందువుగానిలే."

"రేపు ఫోటో ఎవరు తీస్తారు? నీకు నాకంటే ముత్యాలే ఎక్కువ."

తోటికోడలు నా వంక చూసింది.

"నన్ను చూస్తావేం? నా మాట ఏనాడు విన్నావు గనక," అన్నాను.

ఆవిడ హారం తీసి పిల్ల మెడలో వేసింది. బరువు దారం మీద పడకుండా వెనక నిలబడి, రెండు అరచేతులూ ముత్యాల కింద పట్టింది.

"అమ్మగారూ, చేతులు తీయండి, ఫోటోలో పడుతున్నాయి," అన్నాడు ఫోటోగ్రాఫర్.

"పడనీ నాయనా. నువ్వు తీయి."