పోచమ్మ ముందర ఒళ్లు దులపని మేకపోతు

నీళ్లు పోశారు. మేకపోతు కదలలేదు.

ఇంకో చెంబు పోశారు. కళ్లు మూసుకుంది. పసుపు నీళ్లు వీపు మీంచి ధారగా కారుతుంటే, మంగలి షాపులో తల మర్దన చేయించుకుంటున్న పెద్దమనిషిలా మెడ కాస్త వంచి, ఇంకా కానివ్వండి అన్నట్టు నిలబడింది.

చుట్టూ మా వాడ వాడంతా ఉంది. మామిడిచెట్ల కింద పొయ్యిలు మండుతున్నాయి. ఉల్లిగడ్డలు వేగాయి, మసాలా నూరడం అయింది, అన్నం దిగింది. ఇక రావలసింది ఒక్క మాంసమే. ఆ మాంసం నాలుగు కాళ్ల మీద నిలబడి స్నానం అనుభవిస్తోంది. అంతమంది ఆకలికీ, ఒక ముసలమ్మ కన్నీళ్లకూ కారణం ఎవరో అప్పటికి ఇద్దరికే తెలుసు. ఒకడిని నేను. రెండోది ఆ మేకపోతు.

ఇంతటి ఉపద్రవం ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా కోరుట్ల పద్ధతి చెప్పాలి. ఆషాఢం రాగానే వాడలోని వాళ్లంతా ఇళ్లకు తాళాలేసి, బోనం ఎత్తుకుని, కథలాపూర్ తోవలో ఉన్న పోచమ్మ గద్దె దగ్గరికి పోతాం. అక్కడే చెట్ల కింద వంట, అక్కడే తిండి, పొద్దుగూకితే ఇంటికి. మొక్కు ఉన్నవాళ్లు యాటను, అంటే బలికి మేకపోతును, ఇస్తారు. అయితే యాటను ఊరికే కోయరు. ముందు దాని మీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లంతా దడదడా దులిపితే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులపకపోతే ఒప్పుకోనట్టు. మామూలుగా ఏ మేకైనా నీళ్లు పడగానే దులుపుతుంది. అందుకే ఆ రోజుదాకా అమ్మవారు ఒప్పుకోకపోవడం మా వాడలో ఎవరూ చూడలేదు.

ఆ ఏడాది మొక్కు లచ్చవ్వది. మా ఇంటి వెనకాలే ఉంటుంది, బీడీలు చుడుతుంది. బిడ్డకు కాన్పు కష్టమై తల్లీ పిల్లగాడూ ఇద్దరూ దక్కుతారో లేదో అన్నప్పుడు, ఆసుపత్రి వరండాలో కూర్చుని పోచమ్మకు యాటను మొక్కుకుంది. ఇద్దరూ క్షేమంగా ఇంటికి వచ్చారు. మొక్కు తీరేదాకా మాత్రం మనుమడు తుమ్మినా ఆమెకు నిద్ర పట్టేది కాదు. చివరికి వాడ మొత్తం తలా కొంత కలుపుకుని, యాట లచ్చవ్వ పేరు మీద, విందు అందరిదీ అని ఖాయం చేశాం.

అప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. యాటను కొని తెచ్చేది ఎవరు?

"ఎవరేంది? మా బామ్మర్ది లేడా?" అన్నాడు నన్ను చూపిస్తూ, వాడ వరసకు నాకు బావయ్యే మల్లేశం. సిరిసిల్ల బట్ట తెచ్చి అమ్మే దుకాణం ఆయనది. ఏ ప్రశ్నకైనా గజంబద్దతో కొలిచినట్టు టక్కున జవాబు చెబుతాడు. "రోజూ పేపర్ల అంగడి ధరలు రాస్తడు. మేకల ముచ్చట ఆయనకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తది?"

నేను అప్పట్లో జగిత్యాల నుంచి ఒక పత్రికకు అంగడి వార్తలు పంపేవాడిని. మేక ధర రాయడానికీ, మేకను చూడడానికీ సంబంధం లేదని మల్లేశం బావకు తెలియదు. నాకు తెలుసు. అయినా, "అదెంత పని బావా" అన్నాను. పొగడ్త ముందు మనిషి బుద్ధి ఎండలో పెట్టిన వెన్నలా కరుగుతుంది, నాది మరీ తొందరగా.

రాయికల్ అంగడికి పోయాను. నాలుగు మేకల చుట్టూ ప్రదక్షిణ చేశాను. వంకాయ నొక్కి చూసినట్టు ఒక దాని డొక్క నొక్కాను. పండ్లు చూడాలని ఎక్కడో విన్నాను కాబట్టి నోరు తెరిచి చూశాను. పండ్లు ఉన్నాయి. అంతకుమించి ఏం చూడాలో తెలియలేదు.

"ఈ పోతు బలంగుంది, దీని ధర చెప్పు" అన్నాను గంభీరంగా.

అమ్మే ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "సార్, గది ఆడమేక."

"నాకు తెల్వదా? నువ్వు నిజం చెప్తవో లేదో చూసిన."

"అయితే నేను పాసైనట్టేనా సార్?" అన్నాడు. పక్కనున్నవాళ్లు తుండుగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ సిగ్గులో, ఎదురుగా కనిపించిన నల్లటి పోతును ఇంకేం చూడకుండా ఖాయం చేశాను. నిగనిగలాడుతోంది, నెమ్మదిగా ఉంది, నన్ను చూసి నవ్వలేదు. అంతకన్నా ఏం కావాలి?

అంగడి వారానికి ఒక్కసారే. పోచమ్మ దగ్గరికి పోయేది ఆదివారం. అన్ని రోజులూ దాన్ని మా పెరట్లోనే కట్టేయాలి. ఇక్కడే కథ మలుపు తిరిగింది. పాఠకులలో ఎవరైనా మేకపోతు పక్కన ఆటోలో కూర్చుని ప్రయాణం చేసి ఉంటే వాళ్లకు వివరించనక్కర్లేదు. చేయనివాళ్లకు వివరించినా అర్థం కాదు. ఆ వాసన మనకన్నా ముందు ఇంటికి చేరుతుంది.

"ఏందయ్యా గీ కంపు?" అంది మా సుజాత వాకిట్లోనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

"నాలుగు దినాలే కదనే!"

"అయితే నాలుగు దినాలు మా అమ్మగారింట్ల ఉంట."

అలా నేను మేకపోతుకు స్నానం చేయించడం మొదలుపెట్టాను. వేడి నీళ్లు, షాంపూ, తోముడు. మొదటి రోజు నీళ్లు పోయగానే అది ఒళ్లు దడదడా దులిపింది. తెల్ల చొక్కా మీద నల్ల చుక్కలతో చిరుతపులిలా ఇంట్లోకి వచ్చాను. రెండో రోజూ అంతే. మూడో రోజు నా తెలివి పని చేసింది. నా జీవితంలో అది పని చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆకలితో పడుకున్నారు.

జేబులో బెల్లం ముక్కలు వేసుకున్నాను. నీళ్లు పోసేటప్పుడు దులిపితే ఏమీ లేదు. కదలకుండా నిలబడితే బెల్లం. మేకపోతు నాకన్నా తొందరగా నేర్చుకుంది. శనివారానికల్లా బిందెడు నీళ్లు కుమ్మరించినా రాతి విగ్రహమే. సుజాతను పిలిచి మరీ చూపించాను.

"చూసినవా? ఎంత బుద్ధిమంతుని చేసిన్నో!"

"నిన్ను చేసేటోళ్లే దొరకలే నాకు" అంది సుజాత.

మనుషులకు కళ్ల ముందు కనిపించేది కూడా కొన్నిసార్లు కనిపించదు. ఆదివారం గద్దె ముందర ఏం జరగాలో పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నవాణ్ణి. అయినా ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

మళ్లీ పోచమ్మ గద్దె దగ్గరికి వద్దాం. మేకపోతు కదలడం లేదు.

"చెవులల్ల పొయ్యి" అన్నారెవరో. చెవుల్లో పోశారు. హాయిగా తల తిప్పి రెండో చెవి ఇచ్చింది.

"డప్పు గట్టిగ కొట్టుండ్రి!" డప్పు అదిరింది. మేకపోతు అదరలేదు.

"ఎవలో తప్పు చేసిండ్రు" అన్నాడు మల్లేశం బావ చెంబు కింద పెట్టి. "నిష్ఠ తప్పిన మనిషి ఉన్నడు మన దాంట్ల. ఉన్నోళ్లు ఒప్పుకోండ్రి. ఊకెనే అమ్మ గిట్ల చెయ్యది."

మీరు నమ్మరు, ఒక్కొక్కరే ఒప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన పొద్దున బస్టాండు దగ్గర ఆమ్లెట్ తిన్నానన్నాడు. ఒకామె నైవేద్యానికి పెట్టిన పాలల్లోంచి చాయ్ చేసుకున్నానంది. చివరికి మల్లేశం బావ కూడా గొంతు సవరించుకుని, "రాత్రి ఒక్క పెగ్గు... అది సుత అల్లుడు బలవంతం పెడితె" అన్నాడు.

"ఒక్కటేనా?" అంది వాళ్లావిడ.

"గది అమ్మకు తెలుసు, నీకెందుకే?"

అందరూ లెంపలేసుకున్నాక మళ్లీ నీళ్లు పోశారు. ఊహూఁ. ఇంతలో తుంపర మొదలైంది. ఇక వానకైనా దులుపుతుందని అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. మేకపోతు ఆకాశం వైపు మొహం ఎత్తి వానను కూడా భరించింది.

అప్పుడు లచ్చవ్వ బోనం దించి గద్దె ముందర కూలబడింది. "నేనే ఆలిశం చేసిన తల్లీ! నాదే తప్పు. నా మీద కోపముంటే నన్నేమన్న చెయ్యి, పోరన్ని ఏమనకు!" పక్కన ఆమె బిడ్డ పిల్లవాణ్ణి గుండెకు గట్టిగా హత్తుకుంది. అంతవరకూ ఇకిలించినవాళ్ల మొహాలు మాడిపోయాయి.

చెప్పేద్దామని ఒక అడుగు ముందుకు వేశాను. ఆ పని నాకన్నా బాగా మేకపోతే చేసింది. నన్ను చూడగానే, ఇంత సేపు బుద్ధిగా నిలబడినందుకు కూలి అడగడానికి వచ్చినట్టు తాడు గుంజుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా చొక్కా జేబులో మూతి పెట్టింది.

"ఓ అవ్వా, ఏడ్వకు!" అని, అప్పుడే సంగతి తట్టిన సుజాత కేక వేసింది. "అమ్మకు కోపం లేదు, ఏం లేదు. ఈ మనిషే దానికి రోజూ తానం పోసి, దులపకుంటె బెల్లం పెట్టి నేర్పిండు!"

మల్లేశం బావ నా వైపు తిరిగాడు.

"అంటే... నేను నా పెగ్గు ముచ్చట ఉత్తగనే చెప్పిన్నా?"

ఆ తర్వాత నన్ను ఎవరేమన్నారో రాయను, చిన్నపిల్లలు కూడా చదువుతారు. లచ్చవ్వ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని, మేకను చూసి, నన్ను చూసి, ఫక్కున నవ్వింది. "ఓ కొడుకా, ఇంత చదువుకొని మేకకు బడి పెట్టినవా?" వెంటనే నవ్వు ఆపి ఖండితంగా చెప్పింది. "గని దులపంది కోసేది లేదు. అమ్మకు చూపెట్టినంక అమ్మేది లేదు, మార్చేది లేదు. దులిపిననాడే మొక్కు తీరేది."

మేకకు నూరిన మసాలా ఆ రోజు ఆలుగడ్డలకు పోయింది. పక్కన కూర్చున్న మల్లేశం బావ ప్రతి ముద్దకూ విస్తట్లో వెతికాడు. "ఏం దేవులాడుతున్నవ్ బావా?" అంటే, "ఆలుగడ్డ మూలుగబొక్క ఏడ పడ్డదో చూస్తున్న" అన్నాడు.

మేకపోతు మాతోనే ట్రాలీలో తిరిగి వచ్చింది. ఇప్పటికీ మా పెరట్లోనే ఉంది. గడ్డం నెరిసింది. ప్రతి ఆషాఢంలోనూ దాన్ని గద్దె దగ్గరికి తీసుకుపోతాం, నీళ్లు పోస్తాం, అది విగ్రహంలా నిలబడుతుంది, వెంట తెచ్చుకున్న కోళ్లు వండుకుని వస్తాం. లచ్చవ్వ మనుమడు బడికి పోతున్నాడు. పోతూ పోతూ దానికి ఆకు వేసి పోతాడు.

ఇక నా ప్రతిజ్ఞ. పోచమ్మ సాక్షిగా, మల్లేశం బావ దుకాణంలోని బట్టల తానుల సాక్షిగా చెబుతున్నాను. ఈ జన్మలో ఏ మేకకూ స్నానం చేయించను. చేయించినా బెల్లం పెట్టను. ఏ జంతువుకూ బుద్ధి నేర్పను. నేర్పినా గొప్పలు చెప్పుకోను.

ఒక్క సంగతి మిగిలింది. మొన్నటి వానలో, నేనూ సుజాతా పెరటి తలుపు దగ్గర నిలబడి ఉండగా, మేకపోతు ఉన్నట్టుండి కొమ్ముల దగ్గర్నుంచి తోకదాకా దడదడా ఒళ్లు దులిపింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నువ్వేమన్న చూసినవా?" అంది సుజాత.

"లేదు. నువ్వు?"

"నేను సుత చూడలె."

లచ్చవ్వకు చదవడం రాదు. దయచేసి ఎవరూ ఇది ఆమెకు చదివి వినిపించకండి. పెరట్లో దులిపింది లెక్కలోకి వస్తుందో రాదో మా ఇంట్లో ఇంకా తేలలేదు.